ముందు తుప్పు చూడండి, తర్వాత బ్యాటరీ

ప్రశ్న: మా డీజిల్ వ్యాన్‌కి పదిహేనేళ్లు. ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది, పొగ కూడా బాగా వస్తోంది. రోజూ సరుకు వేసుకుని 70 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. ఇంజిన్ అలాగే ఉంచి వెనక చక్రాలకి మోటార్ పెట్టి హైబ్రిడ్ చేద్దామంటున్నాడు మెకానిక్. చేయించమంటారా, లేక పూర్తిగా ఎలక్ట్రిక్‌కే మార్చేయనా?

జవాబు: ఇంజిన్ ఆయిల్ తాగుతోందని మీరే రాశారు కదా, మరి ఆ ఇంజిన్‌నే ఉంచుకుని పక్కన మోటార్, బ్యాటరీ తగిలిస్తే రెండింటి బరువూ మొయ్యాలి, రెండింటి రిపేర్లూ చేయించాలి. హైబ్రిడ్ మాట వదిలేయండి.

మీ దూరానికి ఎలక్ట్రిక్ సరిపోతుంది. ఇలాంటి వ్యాన్ 10 కిలోమీటర్లకి సుమారు 3 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది, అంటే 70కి 21 యూనిట్లు. అలాగని 21 యూనిట్ల బ్యాటరీ పెట్టించకండి. పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఏళ్లు గడిచేకొద్దీ కెపాసిటీ తగ్గుతుంది, సరుకు ఎక్కువైన రోజు ఖర్చూ పెరుగుతుంది కాబట్టి 35 యూనిట్లకి తక్కువ వద్దు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే అది 250 నుంచి 300 కిలోలు తూగుతుంది. ఇంజిన్, సైలెన్సర్, ట్యాంక్ తీసేస్తే కొంత బరువు తగ్గుతుంది గానీ, మిగిలింది మీ సరుకు బరువులోంచే పోతుంది. అంత బరువు మోయాల్సింది ఛాసిస్సే కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందు బండిని పైకెత్తించి కింద తుప్పు చూడండి. ఛాసిస్‌ని తుప్పు తినేసి ఉంటే ఈ ఆలోచనే మానుకోండి.

ఇక చాలామంది మర్చిపోయేది బ్రేకు. డీజిల్ బండిలో పెడల్ తేలిగ్గా తొక్కేలా సాయం చేసే బ్రేక్ బూస్టర్‌కి కావాల్సిన వ్యాక్యూమ్‌ని ఇంజిన్‌తో తిరిగే పంపే ఇస్తుంది. ఇంజిన్ పోతే అదీ పోతుంది, అప్పుడు బ్రేకు పడుతుంది గానీ పెడల్ రాయిలా గట్టిపడి బలమంతా పెట్టి తొక్కాల్సొస్తుంది, నిండు లోడుతో దిగుడులో అలా అయితే ఊహించుకోండి! అందుకే విడిగా ఎలక్ట్రిక్ వ్యాక్యూమ్ పంపు, ఆ వ్యాక్యూమ్‌ని నిల్వ ఉంచే ఓ చిన్న ట్యాంకు పెట్టాలి. బండి డెలివరీ తీసుకునేటప్పుడు కీ ఆన్ చేసి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి: పంపు మోగి కాసేపటికి ఆగాలి. ఆగకుండా మోగుతూనే ఉంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. పవర్ స్టీరింగ్, ఏసీ కూడా ఇంజిన్ బెల్టు మీదే ఆధారపడతాయి, వాటికీ ఏర్పాటు అడగండి. ఆల్టర్నేటర్ ఉండదు కనుక లైట్లకీ హారన్‌కీ 12 వోల్టులిచ్చే డీసీ కన్వర్టర్ తప్పదు.

రిజిస్ట్రేషన్‌లో ఇంధనం మార్పు, ఇన్సూరెన్స్ సంగతి పని మొదలుపెట్టకముందే కనుక్కోండి.

ప్రశ్న: పాత గేర్‌బాక్స్ తీసేయాలా?

జవాబు: బాగుంటే ఉంచుకోండి. మోటార్‌ని అడాప్టర్ ప్లేటుతో దానికి బిగిస్తారు, ఆ ప్లేటు సెంటర్ కాస్త తప్పినా వైబ్రేషన్ వస్తుంది, బేరింగులు పోతాయి. మోటార్ మొదటి నుంచే బలంగా లాగుతుంది కాబట్టి ఎక్కువసేపు రెండో గేరులోనో మూడో గేరులోనో నడుపుతారు. ఒక్క అలవాటు మాత్రం మార్చుకోవాలి. ఎత్తు మీద గేరులో వేసి బండి వదిలేసి వెళ్తే డీజిల్ ఇంజిన్ పట్టి ఉంచేది, ఆఫ్ చేసిన మోటార్ అలా పట్టుకోదు. హ్యాండ్ బ్రేకు వదులుగా ఉంటే ఈ పనితో పాటే బాగు చేయించండి.