వెంటిలేటర్ తీయమంటే కేసైతదా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. బాపుకు 74 ఏండ్లు. మెదడుల నరం చిట్లి హన్మకొండల ఓ ప్రైవేటు దవాఖానల 23 రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నడు. ఇగ కోలుకోడని డాక్టర్లే అంటున్నరు. మంచిగున్నప్పుడు "నన్ను పైపులు పెట్టి పండవెట్టకుండ్రి" అని అమ్మతోని, మాతోని ఎన్నోసార్లు అన్నడు. కాగితం మీద మాత్రం ఏం రాయలే. తీసేయమందామంటే అక్క "చంపినోళ్లమైతం" అంటున్నది. దవాఖానోళ్లేమో సంతకం పెట్టి ఇంటికి తీస్కపోండ్రి అంటున్నరు. మా మీద కేసైతదా?

జవాబు: ముందు మీ అక్క మాటకు. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడం నేరం, ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నా నేరమే. ఇక లాభం లేదని తేలాక యంత్రం ఆపడం వేరు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో దీనికి ఒప్పుకుంది. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. అప్పుడు పెట్టిన పద్ధతి మరీ చిక్కుగా ఉందని 2023 జనవరి 24న సడలించింది. ఆ పద్ధతిన పోతే మీకు గానీ డాక్టరుకు గానీ కేసు భయం అక్కర్లేదు.

వైద్యం చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి వైద్య బోర్డు. వాళ్లు సరేనంటే వేరే ముగ్గురితో రెండో బోర్డు, అందులో ఒకరిని జిల్లా వైద్యాధికారి నియమించాలి. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. కుటుంబ సమ్మతి రాతలో ఉండాలి. తీసేముందు దవాఖాన మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. తెలియజేస్తే చాలు, అనుమతి కోసం కోర్టు మెట్లెక్కే పని లేదు. బోర్డు కాదంటేనే హైకోర్టు.

బాపు నోటిమాట, ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే వైద్య వీలునామాలా చెల్లదు. అట్లని వట్టిమాటా కాదు. ఎప్పుడు, ఎవరి ముందు అన్నాడో అమ్మ చేత రాయించి డాక్టరుకివ్వండి. అక్కను కూడా బోర్డు డాక్టర్ల ముందు కూర్చోబెట్టండి, ఆమె అనుమానం వాళ్లు తీర్చాల్సిందే.

నాకు కోపమొచ్చేది ఆ సంతకం దగ్గరే. "వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టంతో తీసుకుపోతున్నాం" అని అందులో ఒక వాక్యముంటుంది. ఇక లాభం లేదన్నదీ వాళ్లే, సలహాకు విరుద్ధమని రాయించుకునేదీ వాళ్లే! రేపు ఎవరైనా అడిగితే ఆ కాగితం వాళ్లను కాస్తుంది, మిమ్మల్ని కాదు. అంతకన్నా ముఖ్యం, అంబులెన్సు నర్సంపేట రోడ్డెక్కాక బాపు ఊపిరాడక కొట్టుకుంటే నొప్పి, ఆయాసం తగ్గించే మార్ఫిన్ మందు ఇచ్చే చెయ్యి పక్కన ఉండదు. యంత్రం ఆపినా అలాంటి మందులు చివరిదాకా ఇవ్వాలి. బోర్డు వేయమని అర్జీ రాసి, ఒక కాపీ మీద దవాఖాన ముద్ర వేయించుకోండి.

అడగకున్నా ఒకటి చెప్తున్నా. స్పృహ లేని మనిషి బొటనవేలికి ఇంకు పూసి భూమి కాగితాల మీద వేయించే పెద్దమనుషులు ఐసీయూ దాకా వస్తారు. ఆ వేలిముద్ర చెల్లదు, పైగా ఫోర్జరీ కేసు మెడకు చుట్టుకుంటుంది.

అమ్మకు ఇట్లాంటి గతి వద్దనుకుంటే, ఆమెకు ఇష్టమైతే ఆ వైద్య వీలునామా ఇప్పుడే రాయించండి. తన తరఫున ఎవరు నిర్ణయించాలో పేర్లు వేసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయిస్తే చాలు. ఒక కాపీ పంచాయతీలో ఇవ్వండి, ఒకటి అక్క దగ్గర పెట్టండి.