పాదం వంకరగా పుట్టిన పాపను ఆటలకు పంపవచ్చా?

పాపకు నాలుగేళ్లని, ఎడమ పాదం లోపలికి తిరిగి పుడితే కట్లు వేసి సరిచేశారని రాశారు. బడిలో ఆటలకు పంపవచ్చా, అలా పుట్టి పెద్ద క్రీడాకారులైనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

పంపండి. డాక్టరు వద్దనకపోతే మీరు కొత్తగా కారణాలు వెతక్కండి. నాదీ ఎడమ పాదమే. పిండికట్లు, ఆపరేషన్, రాత్రుళ్లు బూట్లు అన్నీ అయ్యాయి. ఇప్పటికీ ఎడమ పిక్క కుడిదానికంటే సన్నం, పాదం ఒక సైజు చిన్నది. చెప్పుల షాపులో ఒక కాలిది ఐదు, ఇంకో కాలిది ఆరు ఇమ్మంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. రెండు జతలు కొని రెండు చెప్పులు అటక మీద పడేయడమే. దీనికి ఇంతవరకూ నాకైతే పరిష్కారం దొరకలేదు.

ఎనిమిదో తరగతిలో ఖోఖో జట్టు కడుతుంటే నేనూ వరసలో నిలబడ్డాను. మా డ్రిల్లు సారు నా కాలు చూసి, "నువ్వు స్కోరు రాయమ్మా" అని పుస్తకం చేతికిచ్చారు. మంచాయనే, తిట్టలేదు కూడా. ఒకరోజు ఆట మధ్యలో విజిల్ ఆఫీసు రూములో మర్చిపోయానని నన్ను పంపారు. గ్రౌండుకి ఆ చివర ఆఫీసు. పరుగెత్తి వెళ్లి, పరుగెత్తి వచ్చాను. "అప్పుడే వచ్చేశావా!" అన్నారు. ఇంక జట్టులోకి తీసుకుంటారనే అనుకున్నాను. విజిల్ అందుకుని, "స్కోరు ఎంతయిందో చూడు" అన్నారు. పదో తరగతి అయ్యేదాకా ఆ వేపచెట్టు కిందే కూర్చున్నాను.

ఇక మీరడిగిన ఉదాహరణ. మ్యాగీ అల్ఫోన్సి, ఇంగ్లండ్ రగ్బీ క్రీడాకారిణి. 1983లో లండన్‌లో పుట్టింది, పుట్టుకతోనే పాదం వంకర. ఉత్తర లండన్‌లోని ఎడ్మంటన్‌లో తల్లి ఒక్కతే పెంచింది. డబ్బున్న ఇల్లు కాదు. ఆమె చదివిన బడిలో ఆటలు నేర్పే టీచరు లీజా బర్జెస్, సాక్షాత్తూ వేల్స్ జట్టు తరఫున ఆడినావిడ. ఆవిడే ఈ పిల్లను రగ్బీలోకి లాగింది. తర్వాత సారసెన్స్ క్లబ్బు, 2003లో ఇంగ్లండ్ జట్టు. మూడేళ్లకే, 2006లో, ప్రపంచంలోనే ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు. అదే ఏడాది ప్రపంచకప్ ఫైనల్లో మాత్రం న్యూజిలాండ్ చేతిలో ఓడారు. ఆ ఫైనల్ జరిగిన కెనడా ఊరి పేరు కూడా ఎడ్మంటనే! 2010 ఫైనల్లో మళ్లీ న్యూజిలాండే, 13–10. చివరికి 2014లో కెనడాను ఓడించి కప్పు పట్టుకుంది. మొత్తం 74 మ్యాచ్‌లు.

ఆమె వేసుకున్నది 7వ నంబరు జెర్సీ. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాళ్ల మీద పడి నేలకు కొట్టడమే ఆ స్థానంలో ముఖ్యమైన పని. మన కబడ్డీలో పట్టు పట్టినట్టే, కాకపోతే ఎనభై నిమిషాలు. "మెషిన్" అని పేరు పెట్టారంటే ఎలా ఆడేదో ఊహించుకోండి. కాలు గురించి చిన్నప్పుడు మాటలు పడినవాళ్లకే అంత కసి ఉంటుందని నా నమ్మకం. రుజువులు అడక్కండి.

నేను ఆ కథలో ఎప్పుడూ ఆగిపోయేది కప్పు దగ్గర కాదు, ఆ టీచరు దగ్గర. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడినావిడ మామూలు బడిలో పిల్లలకు పాఠం చెబుతోంది! మన దగ్గర టైంటేబుల్లో ఆటల పీరియడ్ రాసి ఉంటుంది, తీరా ఆ టైముకి లెక్కల సారు డస్టర్ పట్టుకుని వస్తారు. పిల్ల కాలు బాగైనా ఆడించేవాళ్లేరీ?

అందుకని బడిలో చేర్చేటప్పుడు పాప కాలి గురించి వాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోకండి, మీరే ప్రశ్నలు వేయండి. పీఈటీ ఉన్నారా, వారానికి ఎన్నిసార్లు ఆడిస్తారు, గ్రౌండు ఎక్కడ అని అడగండి. మా అబ్బాయిని చేర్చేటప్పుడు ఒక బడిలో గ్రౌండు చూపించమంటే లిఫ్టులో కిందికి తీసుకెళ్లి సెల్లార్ చూపించారు. "సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక బోలెడు ఖాళీ ఉంటుంది మేడమ్" అన్నారు.