కలివికోడి కుట్టుబొమ్మకు ఈకల ఎత్తుపల్లాలు ఎలా తేవాలి?

కలివికోడిని గోడకు తగిలించే బొమ్మగా కుడుతున్నాననీ, ఒళ్లంతా శాటిన్ కుట్టుతో (దారాలను పక్కపక్కనే దగ్గరగా పరిచే కుట్టు) నింపినా చదునుగానే కనిపిస్తోందనీ మీరు రాశారు. కడపలో ఉంటూ ఇదే పక్షిని నేనూ కుట్టాను కనుక, నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. కుట్టు దట్టంగా ఉన్నంత మాత్రాన ఈకలు లేచి కనిపించవు; చదునుగా వదిలిన చోటు పక్కన ఉన్నప్పుడే ఎత్తు తెలుస్తుంది.

1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న తరువాత, 1986లో మన కడప జిల్లా లంకమల కొండల ప్రాంతంలో మళ్లీ దొరికిన ఈ పక్షి పొడవు దాదాపు 27 సెంటీమీటర్లే. అందువల్ల 14 అంగుళాల ఫ్రేములో అసలు పరిమాణంలోనే కుట్టవచ్చు. మందపాటి కోరా నూలు గుడ్డకు వెనుక మరొక పొర వేసి బిగించండి. లేకుంటే పైన అతికే ముక్కల బరువుకు గుడ్డ ముడతలు పడుతుంది. ఈకలు ఏ వైపుకు వాలి ఉంటాయో పెన్సిలుతో బాణం గుర్తులు పెట్టుకోవడం కూడా ఇప్పుడే చేయాలి.

వీపుకు పాత నూలు చీరలు, లుంగీలలోని గోధుమ, బూడిద, ఖాకీ ఛాయల ముక్కలను గోరంత ఈకలుగా కత్తిరించండి. ఏటవాలుగా కత్తిరిస్తే అంచు అంతగా పోగులు ఊడదు. నేతకు నిలువుగా కత్తిరించి అంచున రెండు మూడు పోగులు లాగితే నూగులా విచ్చుకుంటుంది. రెండు రకాలూ కలిపి వాడండి. పెంకులు కప్పేవారు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లినట్లే, మీరూ తోక దగ్గర మొదలుపెట్టి మెడ వైపు సాగితే, ఒక్కొక్క వరుస కింది వరుస కుట్లను కప్పేస్తుంది. ప్రతి ముక్కనూ పైభాగంలో మాత్రమే కుట్టి కొనను వదిలేయాలి. ఈకల నడిమి కాడకు ఒంటి పోగుతో కాడకుట్టు (ఒకదానికొకటి ఆనుకుని సన్నని గీతలా సాగే కుట్టు) వేయండి, అయితే అన్నింటికీ వద్దు.

రొమ్ము కింద ఫెల్టు (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) రెండు పొరలు పెట్టాలి. చిన్న ముక్క ముందు, పెద్దది దానిపైన ఉంటే అంచు మెట్టులా కనబడదు. రొమ్ము మీది రెండు గోధుమరంగు పట్టీలనూ, వాటి నడుమ తెలుపునూ రెండు పోగుల దారంతో పొడవు పొట్టి కుట్లుగా, నునుపుగా కుట్టండి. ఇక్కడ గుడ్డ ముక్కలు వేయవద్దు, ఎందుకంటే వీపు గరుకుదనం కనబడేది ఈ నునుపు పక్కనే.

ధర్మవరం పట్టు ముక్కలు వాడాలని చాలామందికి అనిపిస్తుంది. నెమలికైతే అవి బాగుంటాయి కానీ, పొదల్లో కలిసిపోయే ఈ పక్షికి మెరుపు నప్పదు. రాత్రి తిరిగే పక్షి కనుక పెద్దవిగా ఉండే కళ్లకు మాత్రం పట్టుదారం వాడి, ఒక తెల్లని ఫ్రెంచ్ ముడి (సూదికి దారం చుట్టి వేసే చిన్న గుండ్రటి ముడి) వేయండి. లేత పసుపు కాళ్లకు పురికొసకు దారం చుట్టి అడ్డకుట్లతో అంటించాలి. నేలకు కాస్త జనపనార, ఇటుకరంగు ముడులు సరిపోతాయి.

ఇస్త్రీ అవసరమైతే, మందపాటి తువ్వాలు మీద బొమ్మను బోర్లా వేసి వెనుక నుంచే చేయండి. అద్దం వేయించేటట్లయితే లోతైన పెట్టె ఫ్రేము అడగండి. మామూలు ఫ్రేములో అద్దం ఈకలకు ఆని వాటిని అణచేస్తుంది.