అమ్మకి చదువు నేర్పిస్తే గవర్నమెంటు డబ్బులిస్తుందా?

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి దగ్గర ఊరు. మా అమ్మకి 52 ఏళ్ళు, బ్యాంకుకెళ్తే ఇప్పటికీ వేలిముద్రే, మొన్న ఫారం నింపమని క్యూలో ఎవరెవర్నో బతిమాలుకుని ఇంటికొచ్చి ఏడ్చేసింది. ఇప్పుడు చదువుకుంటానంటోంది. పెద్దోళ్ళ చదువుకి నెలకింత అని ఇస్తారంట, నిజమేనా? ఇంకోటి, మా ఇంట్లో తెలుగు, బయటంతా ఒడియా, ఏది నేర్పించాలి?

జవాబు: చెల్లెమ్మా, ముందు డబ్బుల సంగతి చెప్పేస్తా, నేర్చుకునేవాళ్ళ చేతికి ఏమీ రాదు, నేర్పేవాళ్ళకీ జీతం లేదు. ఇప్పుడు నడుస్తున్నది ఉల్లాస్ అనే స్కీము, 2022 నుంచి 2027 దాకా, మొత్తం 1037.90 కోట్లు, అందులో 700 కోట్లు కేంద్రానిది, మిగతాది రాష్ట్రాలది. వినడానికి పెద్ద మొత్తమే గానీ 5 కోట్ల మందికి నేర్పాలని పెట్టుకున్నారు, లెక్కేస్తే మనిషికి 200 రూపాయల పైచిలుకు, అందుకే అంతా వాలంటీర్ల మీద వదిలేశారు. అంతకుముందు 2009లో మొదలైన సాక్షర భారత్ స్కీములో పంచాయతీకి ప్రేరక్‌లని పెద్దోళ్ళ చదువు చూసుకునేవాళ్ళుండేవారు, నెలకి 2000 ఇచ్చేవారు, 2018 మార్చితో అదీ ఆగిపోయింది. అది తీసేయడం తప్పే అంటాను నేను, కూలి చేసుకునే ఊళ్ళో రోజూ సాయంత్రం వచ్చి కూర్చోబెట్టే మనిషి ఒకరుండాలి కదా.

మీ ఇంట్లో ఆ మనిషివి నువ్వే అవ్వొచ్చు. 15 ఏళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా చేరొచ్చు, పైన వయసు లిమిట్ లేదు. మీ ఊరి సర్కారు బడిలో అడుగు, ఈ స్కీము నడిచేది బడి నుంచే. ఉల్లాస్ యాప్‌లో అమ్మ పేరు నేర్చుకునేవాళ్ళ కింద, నీ పేరు వాలంటీరు కింద ఎక్కించండి. అమ్మ పనినుంచి వచ్చాకే చెప్పుకోవచ్చు, కూలి పోదు. టెస్టుకి 150 మార్కులు, చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50, పాసైతే ఎన్ఐఓఎస్, అంటే కేంద్రం నడిపే ఓపెన్ స్కూలు, సర్టిఫికెట్ ఇస్తుంది.

ఇక భాషంటావా, తెలుగుతోనే మొదలెట్టు, నోట్లో ఉన్న మాటైతే అక్షరం తొందరగా పట్టుబడుతుంది. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే ఉండి సవరలనే గిరిజనులకి వాళ్ళ సవర భాషలోనే బడి పెట్టారు కదా. పేరు రాయించేటప్పుడే తెలుగు వాచకం, తెలుగులో టెస్టు కావాలని గట్టిగా అడుగు. తర్వాత ఒడియా కూడా నేర్పించు, బస్సు బోర్డూ రేషన్ షాపూ అన్నీ అందులోనే కాబట్టి.

వాచకం వచ్చేదాకా ఆగొద్దు, ఈ రాత్రికే పలక తీసి అమ్మ చేత తన పేరు దిద్దించు. చెయ్యి తిరిగాక ఆధార్, పాస్‌బుక్ పట్టుకెళ్ళి వేలిముద్ర బదులు సంతకం పెట్టుకోమని బ్యాంకులో దరఖాస్తు ఇవ్వండి, ఆ ఫారం మాత్రం అమ్మనే నింపనివ్వు.