చైనా స్నేహితులకు ‘ప్లే’ అనే ఇంగ్లీష్ మాట ఎలా నేర్పాలి?

మీతో చదివే చైనా అమ్మాయి ‘కమ్ టు మై హోమ్ టు ప్లే’ అని పిలిచిందని, అందులో తప్పేంటో ఆమెకి ఎలా చెప్పాలో తెలియడం లేదని అడిగారు. చైనాలోని షెన్‌జెన్‌లో ఉద్యోగం చేసినప్పుడు ఆఫీసులో లంచ్ అయ్యాక కొంతమందికి స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేవాణ్ణి, అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఈ ‘ప్లే’నే.

వాళ్ల ‘వాన్’ అనే మాట పిల్లల ఆటకే కాదు, పెద్దవాళ్లు కలిసి సరదాగా గడపడానికి, వేరే ఊరు చూసి రావడానికి, ఫోన్ పట్టుకుని కూర్చోవడానికి కూడా సరిపోతుంది. స్కూల్లో దానికి అర్థం ‘ప్లే’ అని నేర్చుకుంటారు కాబట్టి ‘ఐ వెంట్ టు షాంఘై టు ప్లే’, ‘హీ ఈజ్ ప్లేయింగ్ హిజ్ ఫోన్’ అనేస్తారు. పెద్దవాళ్ల విషయంలో ‘హ్యాంగ్ అవుట్’, ఇంటికి పిలిస్తే ‘కమ్ ఓవర్’, ఊరికైతే ‘విజిట్’, ఫోన్‌కి ‘ఆన్ హిజ్ ఫోన్’ అనమనండి. ‘ప్లే విత్ మీ’ గురించి మాత్రం తప్పకుండా చెప్పండి, పెద్దవాళ్ల మధ్య అది వేరే రకంగా వినిపిస్తుంది, పాపం ఆమెకి ఆ ఉద్దేశమే ఉండదు.

ఇక వాయిద్యాల దగ్గర కథ తిరగబడుతుంది. ఇంగ్లీష్‌లో అన్నిటికీ ఒకటే ‘ప్లే’, చైనీస్‌లో వాయించేటప్పుడు ఏం చేస్తామో దాన్నిబట్టి క్రియ మారుతుంది: పియానోకి, పీపా అనే చైనా తీగల వాయిద్యానికి ‘థాన్’ (మీటడం), వయొలిన్‌కి, వయొలిన్‌లాగే కమానుతో వాయించే ఎర్హుకి ‘లా’ (లాగడం), వేణువుకి ‘ఛుయ్’ (ఊదడం), డ్రమ్‌కి ‘తా’ (కొట్టడం). బాస్కెట్‌బాల్‌కి కూడా ‘తా’నే, ఫుట్‌బాల్‌కి ‘థీ’, అంటే తన్నడం. చదరంగానికి ఇంకోటి, ‘ష్యా’. ఇది మనకి కొత్తేం కాదు, మనమూ సన్నాయి ఊదుతాం, డప్పు కొడతాం, వీణ మీటుతాం. అందుకే ఈ చిక్కు ఇంగ్లీష్ తప్ప ఇంకోటి రాని టీచర్ కంటే మనకే త్వరగా అర్థమవుతుంది, ఆ లాభాన్ని వాడుకోండి.

వాయిద్యానికి ముందు ‘ది’ పెట్టాలి, బంతాటకి పెట్టకూడదు అనే రూలు వాళ్లకి స్కూల్లోనే కంఠతా వచ్చేస్తుంది. ‘ప్లే పియానో’ అనేవాళ్లు కూడా చాలామందే ఉన్నారు కాబట్టి మాటల్లో దాన్ని పట్టుకుని దిద్దకండి, పరీక్షలో మాత్రం ‘ది’ రాయమనండి.

అసలు దిద్దాల్సింది తైచీ, అంటే నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం. చైనీస్‌లో దానికీ ‘తా’ వాడతారు, దాంతో ‘ప్లే తైచీ’ అని వచ్చేస్తుంది. ‘డూ తైచీ’, ‘డూ యోగా’, ‘గో స్విమ్మింగ్’, ఈ మూడూ చాలాసార్లు పైకి అనిపించండి. ‘ప్లేస్ ఏన్ ఇంపార్టెంట్ రోల్’ గురించి మీరేం చెప్పక్కర్లేదు, వ్యాసాల కోసం బట్టీ పట్టే ఉంటారు, కాకపోతే ప్రతి పేరాలోనూ అదే రాయకుండా చూడండి.