సిగ్నల్ చూపిస్తుంది, కాల్ పోదు

తిరుపతి

తమ్ముడికి,

మొబైల్ ట్రాన్స్‌మిటర్ మీద నీ వ్యాసం చదివాను. తప్పులు లేవు. అయితే బ్లాక్ డయాగ్రామ్‌ను వాక్యాల్లో పెట్టినట్టు ఉంది, ఎక్కడా ఆగి చూపించలేదు. చిత్తూరు బజారులో రిపేరు షాపుకొచ్చే మనిషి ‘ట్రాన్స్‌మిటర్ పోయింది’ అనడు. ‘సిగ్నల్ చూపిస్తాదన్నా, కాల్ చేస్తానే ఎగిరిపోతాది’ అంటాడు. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. తెర మీది గీతలు టవర్ మాట మనకు ఎంత బాగా వినపడుతోందో చెబుతాయి, అంతే. మన మాట టవర్‌కు చేరుతోందా అన్నది వాటికి తెలియదు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే పాఠకుడు మిగతా సర్క్యూట్ వెంట తానే నడిచొస్తాడు.

బేస్‌బ్యాండ్ చిప్‌ను రెండు వాక్యాల్లో దాటెయ్యి. గొంతును అంకెలుగా మార్చి, కుదించి, ఐ, క్యూ అనే రెండు సిగ్నళ్లుగా ఇస్తుంది. ట్రాన్స్‌సీవర్ ఐసీ వాటిని క్యారియర్ అనే రేడియో తరంగం మీదకు ఎక్కిస్తుంది. ఇక్కడ ఫ్రీక్వెన్సీకి ఆధారమైన క్రిస్టల్ గురించి తప్పక రాయి. 2జీ ఫోన్లలో ఎక్కువగా 26 మెగాహెర్ట్జ్‌ది ఉంటుంది. 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఫోన్ తన ఫ్రీక్వెన్సీని సుమారు 90 హెర్ట్జ్ తేడాలోపే టవర్‌తో సరిపెట్టుకోవాలి. ఫోన్ కిందపడి క్రిస్టల్ దెబ్బతింటే అది కుదరదు.

నువ్వు నిలబడి రాయాల్సింది సిగ్నల్‌కు బలం పెంచే పవర్ యాంప్లిఫయర్ దగ్గర. రిపేరు బల్ల మీద దాన్ని పీఏ అంటారు. 2జీలో 900 బ్యాండ్‌లో గరిష్ఠంగా 2 వాట్లు, 1800లో 1 వాట్, 4జీలో మామూలుగా 200 మిల్లీవాట్లు పంపుతుంది. 2జీ ఫోన్ ఎడతెగకుండా పంపదు. 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, 577 మైక్రోసెకన్లు మాత్రమే పంపుతుంది. అంటే సెకనుకు 217 సార్లు. రేడియో పక్కన పెడితే వినిపించే ‘టర్ర్’ అదే. పూర్తి పవర్ మీద ఉన్నప్పుడు ఆ ఒక్కో విడతలో బ్యాటరీ నుంచి 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఉబ్బిన పాత బ్యాటరీ అంత ఇవ్వలేక వోల్టేజి పడిపోతుంది, కాల్ కలిసేలోగా ఫోన్ ఆరిపోతుంది. పీఏ మీద నింద వేసేముందు మంచి బ్యాటరీ పెట్టి చూడమని రాయి.

ఎంత పవర్ పంపాలో టవర్ ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది. 4జీలో పైకొసకూ కిందికొసకూ తేడా దాదాపు 20 లక్షల రెట్లు. తిరుమల ఘాట్‌లో కొండ అడ్డొచ్చిన మలుపులో ఫోన్ వేడెక్కి, ఛార్జ్ చకచకా దిగిపోయేది అందుకే.

పంపే దారినీ వినే దారినీ వేరుచేసే డ్యూప్లెక్సర్‌ను నువ్వు ఒక్క మాటతో వదిలేశావు, అది అన్యాయం. 900 బ్యాండ్ 3జీ, 4జీల్లో పంపడం, వినడం ఒకేసారి జరుగుతాయి. రెంటి మధ్య ఎడం 45 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఈ ఫిల్టర్ల జత లేకపోతే ఫోన్ అరుపుకు దాని చెవే మూసుకుపోతుంది.

యాంటెన్నా కొలత చెప్పడానికి మన గాదంకి ఉంది. అక్కడి వాతావరణ పరిశోధన రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. తరంగం పొడవు ఐదున్నర మీటర్లు దాటుతుంది, అందుకే 1024 యాగీ యాంటెన్నాలు మైదానమంతా పరుచుకున్నాయి. 900 మెగాహెర్ట్జ్‌కు అదే పొడవు 33 సెంటీమీటర్లు, అందులో పావు 8 సెంటీమీటర్లు. ఫోన్ అంచులో ఇమిడిపోతుంది.

రిపేరు భాగంలో ‘పీఏ మార్చాలి’ అని తేల్చేశావు. అంత తొందర వద్దు. ముందు సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి చూడాలి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్య, వస్తోందో లేదో చూడాలి. తర్వాత సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను చేత్తో వెతకాలి. కంపెనీల పేర్లు వరుసగా వచ్చి, మన సిమ్ కంపెనీని ఎంచుకున్నా చేరకపోతే వినే దారి బాగుంది, పంపే దారి మీద అనుమానం. ఒక బ్యాండ్‌లోనే తేడా ఉంటే ఆ బ్యాండ్ పీఏ, ఫిల్టర్. అన్నింట్లోనూ ఉంటే యాంటెన్నా స్ప్రింగ్ వంగిందా, తడికి పచ్చగా చిలుమెక్కిందా, యాంటెన్నాకు సిగ్నల్ మోసే కోయాక్సియల్ కేబుల్ ఊడిందా అని చూడాలి. అవన్నీ బాగుంటేనే బ్యాటరీ తీసి, పీఏ సప్లై లైన్‌కు, గ్రౌండ్‌కు మధ్య మీటర్ పెట్టాలి. బీప్ వస్తే షార్ట్. కొత్త పీఏ వేసేటప్పుడు దాని అడుగు ప్యాడ్ మొత్తానికి టంకం అంటాలి. వేడి దిగేది ఆ దారినే, అక్కడ ఖాళీ ఉంటే కొత్తదీ కాలిపోతుంది.

డ్యూప్లెక్సర్ పేరా, ఈ రిపేరు పేరా తిరగరాసి పంపు. మిగతాది అప్పుడు చూద్దాం.

మీ అన్న