గ్రీజు గన్ను పక్కన పెట్టు బిడ్డా

బిడ్డా,

హైదరాబాదుల ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఆ పాత ఇంగ్లండు కారు కొని హన్మకొండకు లారీల తెస్తున్నవని మీ బాపు ఫోన్ల చెప్పిండు. మార్క్ త్రీ, 1296 సీసీ అట. మనింటి ఆడపిల్ల ఆ బండిని ఇప్పి బిగిస్తనంటే ఎంత సంబురమైందో. రాత్రి నిద్ర మాత్రం పట్టలే. కొనకముందు ఒక్కమాట అడగొద్దా?

అందరికీ తెలిసినవి ముందుగాల. పెట్రోలు ట్యాంకు ఇప్పి కడుగు. బ్రేకుల రబ్బర్లు, హోసులు అన్నీ కొత్తవి ఎయ్యి. ప్లగ్గులిప్పి సిలిండరుకు చెంచెడు ఇంజనాయిలు పోసి, ఒక రాత్రి ఉంచి, పానాతోని చేత్తో తిప్పు. సెల్ఫు కొట్టకు. వాల్వుల సందు ఇంజను చల్లగున్నప్పుడు 0.010 అంగుళం. ఒకరిని క్లచ్ తొక్కమని క్రాంక్ పుల్లీ దిక్కు చూడు. అది ముందుకు జరిగినట్టు కంటికి కనవడితే క్రాంకును ముందుకెనుకకు జరగకుంట పట్టే థ్రస్ట్ వాషర్లు అరిగినట్టే. అవి జారి ఇంజను కింది ఆయిలు తొట్టిల పడితే క్రాంకు, బ్లాకు రెండూ పోతయి.

ఇగ అసలు సంగతి. బానెట్ మొత్తం ముందుకు లేస్తది. టైరు మీద కూసొని పని చేసుకోవచ్చు, అంత మంచిగ గీసిండు ఇటలీ డిజైనరు మికెలోట్టి. అక్కడనే చక్రం ఎనుక నిలువుగ ఉక్కు వర్టికల్ లింక్ కనవడతది. పైకొనకు బాల్ జాయింటు. కిందికొనకు మరలు. ఆ మరలు పెంబర్తి ఇత్తడి రంగున్న ట్రనియన్‌ల, అంటే లోపల మరలున్న గుల్లల, దిగి ఉంటయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఉక్కు ఇత్తడిల తిరుగుతది. ఆ పక్క బరువంతా ఆ మరల మీదనే.

దానికి తాగించాల్సింది ఈపీ 90 గేరాయిలు, జీఎల్-4 రకం. గ్రీజు కాదు బిడ్డా, గ్రీజు కాదు. నిపుల్ చూడంగనే మెకానిక్కు చెయ్యి గ్రీజు గన్ను మీదికే పోతది. మద్రాసుల తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకూ ఇదే ట్రనియన్, దానికీ అట్లనే గ్రీజు కొట్టి పంపేటోళ్లు. గ్రీజు గట్టిపడి మరలల్లకు ఎక్కదు. పైన రబ్బరు సీలు పగిలితే వాన నీళ్లు దిగుతయి. నూనె లేని కాడ నీళ్లు నిలిచి ఉక్కుకు జంగు పడతది, ఆ జంగు గుంటల కాడనే పగులు పుడతది. పైకి ఏం తెల్వది. ఒకనాడు బండి పక్కకు పెట్టేటందుకు స్టీరింగ్ నిండ తిప్పినప్పుడు లింకు టక్కున ఇరిగి చక్రం మడతపడతది. అది కాజీపేట బ్రిడ్జి దిగేటప్పుడు అయితే? ఆ ఆలోచనతోనే నాకు నిద్ర పట్టంది.

బండి నడిచినా సరే, నడవకున్నా సరే, రెండు పక్కలా ఇప్పు. ఎడమ మర, కుడి మర ఒకదానికొకటి ఉల్టా. సామాను కలపకు. లింకును కిరసనాయిలుతో కడిగి మరల అడుగున భూతద్దం పెట్టి చూడు. గుంటలుంటే పారెయ్యి. వెల్డింగ్ వద్దు, లేతు మీద చేపిచ్చుడు వద్దు, కొత్తదే తెప్పించు. సీళ్లు ఎట్లున్నా మార్చు. బిగిచ్చేటప్పుడు ట్రనియన్ల ఆయిలు పోసి చివరిదాక తిప్పి, మళ్ల ఒక చుట్టుకు మించకుంట ఎనుకకు ఇప్పు. లేకుంటే స్టీరింగ్ నిండ తిరిగినప్పుడు మర అడుగుకు తగులుతది. చక్రం జాకీ మీద లేపి, సీలు కాడ ఆయిలు కారేదాక, గేరాయిలు నింపిన గన్నుతోని కొట్టు. కంపెనీ 6000 మైళ్లకొకసారి అన్నది. మన వానలకు మూడు నెలలకొకసారి. కింద ఆయిలు చుక్కలు పడ్డయని మీ అమ్మ కోపం చేస్తే నా పేరు చెప్పు.

తలుపుల కిందుండే సిల్స్ సంగతి. 1962ల ఈ బండిని హెరాల్డ్ నుంచే తీసిండ్రు. చక్రాల నడిమి దూరం 91.5 అంగుళాలుంటే 83కు తగ్గించి, ఛాసిస్ పక్క చేతులు తీసేసిండ్రు. ఆ బరువు సిల్స్ మీద పడ్డది. జంగు పట్టినయని డెంటర్ సిల్స్‌ను రెండు పక్కలా ఒక్కసారి కోస్తే బాడీ కుంగి తలుపులు పట్టయి. తలుపు సందుకు అడ్డంగ పైపు వెల్డింగ్ చేపిచ్చి, ఒక పక్క అయినంకనే రెండోది ముట్టు.

ఎనుకది స్వింగ్ యాక్సిల్, అంటే చక్రం పైకి కిందికి పోతే దాని వంపు కూడ మారుతది. మలుపుల ఉండంగ యాక్సిలేటర్ మీది కాలు ఒక్కసారి తీస్తే ఎనుక భాగం లేసి, బయటి చక్రం లోపలికి ముడుసుకుంటది. 1970ల మార్క్ ఫోర్‌కు స్ప్రింగు మార్చి కంపెనీయే దాన్ని సర్దింది. తాడ్వాయి అడవి రోడ్డుల మలుపు రాకముందే వేగం తగ్గించు, మలుపుల కాలు కదపకు.

లింకులు కడిగినంక కాగితంల చుట్టి నా కాడికి తీస్కరా, నేను కూడ ఒకసారి చూస్త. అప్పటిదాక చక్రాలు ఎక్కియ్యకు.

మీ పెద్దబాపు